గుర్రంబండి కాలిన సాయంత్రం

తప్పు ఖాసింది కాదని ఆ ఇంట్లో తెలిసిన మనిషి గంగాభవాని ఒక్కతే. ఖాసింకు కూడా తెలియదు. తన సిగరెట్టు వల్లే కారు అంటుకుందని అతను మనసారా నమ్మాడు, నమ్మి అందరి ముందూ ఒప్పుకున్నాడు. అతను తెలుగులో ఒప్పుకున్నదాన్ని యజమానురాలికి అరబీలో చెప్పింది మాత్రం గంగాభవానే.

ఆ ఇల్లు షార్జాలో, రోలా బజారు రద్దీకి దూరంగా ఇసుక మేటల వైపు పెరిగిన పేటలో ఉంది. ఇంటి యజమానురాలిని పనివాళ్లు ‘మామా’ అంటారు. మలికిపురం నుంచి కొత్తగా వచ్చినప్పుడు ఆడమనిషిని మామా అని పిలవడానికి గంగాభవానికి నోరు తిరగలేదు. నవ్వు ఆపుకోలేక వంటగదిలోకి పారిపోయేది. ఏళ్లు గడిచాక ఆ పిలుపూ, ఆ భాషా రెండూ ఆమెకు అలవాటైపోయాయి. బజారులో బేరం ఆడినా, మామా చెల్లెళ్లతో కబుర్లాడినా అరబీలోనే. ఇంటికి కొత్త డ్రైవరు వస్తే అతనికీ మామాకీ మధ్య మాట దాటించేది కూడా ఆమే.

మామా భర్త కరోనా మొదటి ఏడాదిలో పోయాడు. ఆయన వదిలి వెళ్లినవాటిలో ఇంటి వెనక రేకుల షెడ్డులో మూలుగుతున్న ఒక పాత అమెరికా కారు ఉంది. మస్టాంగ్ అంటారట. పొడవాటి ముక్కు, ఆ ముక్కు మీద పరుగెత్తే గుర్రం బొమ్మ. ఆయన కుర్రతనంలో కొన్నది. గంగాభవాని చూసేనాటికే అది విరిగిన కుర్చీలకీ, చుట్టిన తివాచీలకీ ఆనుడుగా ఉండేది. దాని వెనక సీట్లో ఏటేటా ఒక పిల్లి ఈనేది. గంగాభవాని దాన్ని ‘గుర్రంబండి’ అనేది. తర్వాత ఖాసిం కూడా ఆ పేరే పట్టుకున్నాడు.

ఖాసిం రాయచోటి మనిషి. ఊళ్లో లారీల షెడ్డులో పని నేర్చుకుని, ఇక్కడికి ఇంటి డ్రైవరుగా వచ్చాడు. మామా కొడుకు మాజిద్ తండ్రి కారును మళ్లీ రోడ్డెక్కిస్తానని పూనుకున్నప్పుడు అతనికి దొరికిన తోడు ఖాసిమే. మాజిద్ సర్కారు ఆఫీసులో పని చేస్తాడు. షార్జాలో శుక్రవారం నుంచి మూడు రోజులు సెలవు కావడం మొదలయ్యాక ఆ మూడు రోజులూ ఇద్దరూ షెడ్డులోనే కాపురం పెట్టారు. చైను కప్పీతో ఇంజను పైకి లేపారు. తలుపులు, బానెట్టు ఊడదీశారు. తుప్పు గీకిన చోటల్లా బొక్కలు పడ్డాయి.

“ఇది కారు గాదక్కా, తుప్పుతో కట్టిన గూడు. ఈ పక్క వేలు పెడితే ఆ పక్క తేలతాండాది,” అన్నాడు ఖాసిం, టీ ఇవ్వడానికి వచ్చిన గంగాభవానితో.

“మరెందుకు తమ్ముడూ అంత కష్టం? కొత్తది కొనుక్కోలేడా ఏంటి ఆ బాబు?”

“కొత్తదాంట్లో వాళ్ల నాయన కూర్చోలేదు గదక్కా.”

పని ముందుకు సాగే కొద్దీ తల్లికీ కొడుక్కీ పేచీ మొదలైంది. భర్త ఎలా వదిలాడో కారు అలాగే ఉండాలని మామా పట్టు. అలా ఉంటే అది గేటు దాటదని మాజిద్ వాదన. ఏసీ పెట్టాలంటాడు, బ్రేకులు కొత్త రకంవి వేయాలంటాడు, గేరుపెట్టె మార్చాలంటాడు.

“మీ నాన్న ఏసీ లేకుండానే నన్ను ఖోర్ ఫక్కాన్ దాకా తీసుకెళ్లాడు,” అనేది మామా.

“ఆ రోజుల్లో ఆ కొండల్లో నాన్న కారు ఒక్కటే ఉండి ఉంటుందమ్మా. ఇప్పుడు ఆ బ్రేకులతో పోతే మొదటి మలుపులోనే లారీ కిందికి పోతాను,” అనేవాడు మాజిద్.

చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. పైకి కనిపించేదంతా తండ్రిది, లోపల కనిపించనిదంతా కొడుకుది. ఆకుపచ్చ రంగు, స్టీరింగు, గడియారం, సీట్లు పాతవాటిలాగే ఉండాలి. ఆ సీట్ల పని వచ్చి గంగాభవాని ఒళ్లో పడింది.

ఊళ్లో ఉన్నప్పుడు ఆమెకు కుట్టుమిషనే ఆధారం. ఆ సంగతి మామాకు తెలుసు. పిల్లి గీరిన పాత రెక్సిన్ విప్పి, ముక్కముక్కా నేల మీద పరిచి, దాని కొలతకు కొత్తది కత్తిరించింది గంగాభవాని. లావు దారం, లావు సూదులు రోలాలో వెతికి తెచ్చుకుంది. పాత సీట్లలో నిలువు గీతలు ఎన్ని ఉన్నాయో, ఎంత దూరంలో ఉన్నాయో అలాగే దించింది. వెనక సీటు పూర్తయిన రోజు మామా వచ్చి చెయ్యి వేసి చూసింది. గంగాభవాని తల దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టింది. అంతకాలంలో మామా అలా చేయడం అదే మొదలు. గంగాభవాని ఆ రోజంతా గాల్లో తేలుతున్నట్టు తిరిగింది.

కారుకు రంగు పడింది. షెడ్డుకు చుట్టూ ప్లాస్టిక్ పట్టాలు కట్టి, దుమ్ము రాకుండా నేల తడిపి, మాజిద్ స్వయంగా రంగు కొట్టాడు. తర్వాత సీట్లు ఎక్కించారు. ఇక మిగిలింది చిన్నాచితకా పనే.

ఆ శుక్రవారం సాయంత్రం మామా చెల్లెళ్లు వచ్చారు. పొద్దు గుంకగానే చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక ఆ ఇంట్లో బఖూర్ వేయడం ఆనవాయితీ. మన సాంబ్రాణి లాంటిదే. చిన్న ధూపపాత్రలో బొగ్గుబిళ్లలు రాజేసి, వాటి మీద సువాసన చెక్క వేసి, గదిగదికీ తిప్పాలి. తిప్పడం అయ్యాక బొగ్గుల్ని వంటగది తలుపు దగ్గరి ఇసుక బకెట్టులో కుక్కాలి. గంగాభవాని ఎప్పుడూ అలాగే చేసేది. ఆ రోజు పొగ తిప్పడం ముగిసేసరికి కూతురు చిన్ని వీడియో కాల్ చేసింది. నర్సింగు రెండో ఏడు చదువుతున్న పిల్ల. హాస్టల్లో ఎవరితోనో తగువుపడి ఏడుస్తోంది. లోపల చుట్టాలు. మాట వినపడకూడదని గంగాభవాని ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో ధూపపాత్ర పట్టుకుని షెడ్డు వెనక్కి నడిచింది.

“ఊరుకోవే, ఊరుకో. అది అలాగంటే నువ్వూ అలాగే అనాలా? తిన్నావా లేదా ముందు చెప్పు,” అంటూ, బొగ్గులు తెల్లగా బూడిద పట్టి ఉండటం చూసి, చల్లారిపోయాయనుకుని, గోడ పక్కనున్న చెత్త అట్టపెట్టెలో బోర్లించింది. పెట్టెలో ఏముందో చూడలేదు. ఆ మధ్యాహ్నం మాజిద్, ఖాసిం రంగు కడిగే థిన్నర్‌తో చేతులు తుడుచుకున్న గుడ్డలన్నీ అందులోనే ఉన్నాయి.

ఆమె వంటగదిలోకి తిరిగొచ్చి చుట్టాలకు ఖర్జూరాలు సర్దుతుండగా వెనక నుంచి ‘భగ్’మని చప్పుడైంది. ప్లాస్టిక్ పట్టా అంటుకుని మంట షెడ్డు లోపలికి పాకింది. ఖాసిం తన గదిలోంచి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. మాజిద్ నీళ్ల గొట్టం లాగేలోపే అతను మంటల్లోకి దూరి, కారు పక్కనున్న పెట్రోలు డబ్బాను బయటికి విసిరేసి, కరిగి కారు మీదికి జారుతున్న పట్టాను ఉత్త చేతులతో పట్టి లాగాడు. ఆ డబ్బా లోపలే ఉండి ఉంటే షెడ్డే కాదు, ఇల్లు కూడా పోయేదని తర్వాత అందరూ అన్నారు. పక్కింటివాళ్లు పరుగున వచ్చారు. మంట ఆరింది. కారుకు ఒక పక్క రంగంతా బుడగలెక్కి పొక్కింది. అద్దాలు పగిలి, సీట్లు నల్లటి ముద్దలయ్యాయి. ఖాసిం రెండు చేతులూ చూడలేనట్టుగా ఉన్నాయి. మాజిద్ అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

మరునాడు తెల్లవారాక గంగాభవాని మసి ఊడవడానికి వెళ్లింది. అప్పటిదాకా ఆమెకు ఏ అనుమానమూ లేదు. గోడ పక్కన, అట్టపెట్టె ఉన్న చోట, తడి బూడిదలో గుండ్రటి బొగ్గుబిళ్లలు మూడు కనిపించాయి. నడిమధ్య చిన్న గుంట ఉన్న బిళ్లలు. బఖూర్‌కు తప్ప ఇంకెందుకూ వాడరు వాటిని. మంట అక్కడి నుంచే లేచినట్టు గోడ మీద నల్లటి నాలుక ఒకటి పైదాకా పాకి ఉంది. అవతల, దూరంగా, ఖాసిం రోజూ సిగరెట్టు నలిపే చోట ఇసుకలో పీక ఒకటి చక్కగా ఆర్పి ఉంది. దాని చుట్టూ ఇసుక ఇసుకలాగే ఉంది.

ఆమె అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. బొగ్గుబిళ్లల్ని కొంగులో వేసుకుని, నలిపి, వంటగది చెత్తసంచిలో అడుగున దాచి, బయట పెద్ద డబ్బాలో పడేసి వచ్చింది. చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. పొరపాటున జరిగినది పొరపాటే. ఈ పనిని మాత్రం తెలిసే చేసింది.

మధ్యాహ్నం ఖాసిం ఆసుపత్రి నుంచి వచ్చాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా తెల్లటి కట్లు. మామా అతన్ని హాల్లోకి పిలిపించింది. పక్కన మాజిద్ నిలబడి ఉన్నాడు. ఖాసింకు వచ్చిన అరబీ అంతా కుడి, ఎడమ, బడి, పెట్రోలు వరకే. మామా గంగాభవానిని పిలిచి తన పక్కన నిలబడమంది.

“అడుగు అతన్ని. నిన్న షెడ్డు దగ్గర సిగరెట్టు తాగాడా?”

గంగాభవాని అడిగింది.

ఖాసిం తల దించుకున్నాడు. “తాగినానక్కా. మగ్రిబ్‌కు ముందర. ఆర్పినాననే అనుకున్యా. నిజంగా ఆర్పింటే ఎట్ల అంటుకుంటాది? ఆ గుడ్డలు ఆడుండాయని నాకు తెలిసీ తాగినా. పెద్దాయన బండిని నా చేతులారా కాల్చినా. తప్పు నాదే, ఇంకెవురిదీ గాదని మామాకు చెప్పక్కా. నన్ను ఏం జేసినా సరే.”

గంగాభవాని నోరు తెరిచింది. ఆ క్షణాన చెప్పి ఉంటే సరిపోయేది. చిన్ని మొహం కళ్ల ముందు కదిలింది. ఇంటికి పంపేస్తే ఆ పిల్ల చదువేం కావాలి? మాజిద్ ఎర్రబడిన కళ్లతో తననే చూస్తున్నాడు. మామా చెయ్యి సోఫా అంచు మీద బిగుసుకుని ఉంది. నిన్నగాక మొన్న తన తలను దగ్గరికి లాక్కున్న చెయ్యి.

“తాగానంటున్నాడు,” అంది అరబీలో. “ఆర్పాననుకున్నాడట. తప్పు తనదే, ఇంకెవరిదీ కాదంటున్నాడు.”

ఒక్క మాట కల్పించలేదు. అతను అన్నది అన్నట్టే చెప్పింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె తనకు తాను చెప్పుకున్నది ఇదే. చెప్పుకున్న ప్రతిసారీ నోట్లో చేదు ఊరేది.

మాజిద్ అరవలేదు, కొట్టలేదు. చేతులు మానేదాకా ఉండనిచ్చి, మానాక వీసా కాన్సిల్ చేయించి ఊరికి పంపేస్తానన్నాడు. అప్పటిదాకా షెడ్డు వైపు రావద్దన్నాడు. మామా కళ్లు మూసుకుంది.

ఖాసింకు అన్నం పెట్టే పని గంగాభవానికి పడింది. కట్లు కట్టిన చేతులతో అతను కలుపుకోలేడు. ఆమె అన్నం, పప్పు మెత్తగా కలిపి, మణికట్టు కట్టులో చెంచా దోపి ఇచ్చేది. సగం ఒళ్లో ఒలికేది. ఆమే తుడిచేది.

“మా సొంత అక్క గూడ నన్ను ఇట్ల సూసుకోదు. ఇంత తప్పు జేసినోనికి అన్నం పెడతాండావు. ఆ దేవుడు నిన్ను సల్లగా సూడాల,” అనేవాడు ఖాసిం.

గంగాభవాని గిన్నెలు తీసుకుని గబగబా వచ్చేసేది. అతను సిగరెట్టు మానేశాడు. నమాజులో చాలాసేపు తల ఎత్తేవాడు కాదు. ఇంటికి ఫోను చేసి భార్య రజియాకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆ మాటలు గంగాభవాని చెవిన పడ్డాయి. రజియా అవతల ఏమందో గానీ ఇవతల ఖాసిం, “అవును, నేనే. నా నిర్లక్ష్యమే. పిలకాయలకు చెప్పొద్దు,” అంటున్నాడు.

ఒకసారి ధైర్యం చేసి, కంచం చేతికి అందిస్తూ అడిగింది. “తమ్ముడూ, సిగరెట్టు వల్లేనని అంత గట్టిగా ఎందుకనుకుంటన్నావు?”

“ఇంకెవురుండారక్కా ఆడ?”

అతను అమాయకంగా మొహంలోకి చూస్తూ అడిగాడు. గంగాభవాని చెంచా సర్దుతూ, “ఎవరూ లేరులే,” అంది.

భర్త అబ్బులుకు ఫోనులో చెప్పుకుని ఏడ్చింది. “నీకేమన్నా పిచ్చా? నోరు మూసుకుని నీ పని నువ్వు చూసుకో. ఆడు మగోడు, ఇంకో చోట దొరుకుద్ది. నువ్వొచ్చేత్తే చిన్ని గతేంటి?” అన్నాడు అబ్బులు. తను మనసులో అనుకుంటున్న మాటే అది. వేరే నోటి నుంచి వింటే మాత్రం ఒళ్లు జలదరించింది.

మాజిద్ కారు పని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఒంటరిగా. పొక్కిన రంగు గీకి, వంగిన రేకు సరిచేసి, మళ్లీ పుట్టీ పట్టించాడు. సీట్లు కొత్తగా కుట్టాలి. రెక్సిన్ చుట్ట తెచ్చి గంగాభవాని ముందు పెట్టి, “ఈ ఇంట్లో నా తండ్రి కారుకు చెడు చేయనిది నువ్వొక్కదానివే,” అన్నాడు. మెచ్చుకుంటూనే అన్నాడు. ఆ రోజు ఆమె కుట్టిన కుట్టు ఒక్కటీ తిన్నగా పడలేదు. సూది రెండుసార్లు విరిగింది. కుట్టినదంతా విప్పేసింది.

ఖాసిం కట్లు విప్పారు. కుడి చెయ్యి బాగానే ఉంది. ఎడమ చేతి వేళ్లు మాత్రం సగానికే ముడుచుకుంటున్నాయి. పానా పట్టడం కష్టమని అతనే నవ్వుతూ చూపించాడు.

ఆ వారంలోనే మామా ఇద్దర్నీ పిలిపించింది. మాజిద్ కూడా ఉన్నాడు. అదే హాలు, అదే సోఫా.

“ఇతనికి చెప్పు. వీసా కాన్సిల్ చేయిస్తున్నాం. మన వల్ల ఏ కష్టమూ లేకుండా ఇంటికి వెళ్లమను. నేను అతని మీద కోపం పెట్టుకోలేదని కూడా చెప్పు. నా భర్త వస్తువు కాలిపోయింది, అది దేవుడి రాత,” అంది మామా.

గంగాభవాని ఖాసిం వైపు తిరిగింది. అతను ఉతికిన చొక్కా వేసుకుని, వంకర వేళ్లను రెండో చేత్తో దాచుకుని, ఆమె నోటి వంక చూస్తున్నాడు. ఏం చెప్పినా నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆమె మామా వైపు తిరిగింది. మళ్లీ ఖాసిం వైపు. మళ్లీ మామా వైపు.

“చెప్పు, ఏమైంది?” అంది మామా.

గంగాభవాని నేల మీద కూర్చుండిపోయింది. “మామా, ఇతను కాదు. నేను,” అంది అరబీలో. “బఖూర్ బొగ్గులు ఇసుకలో వేయలేదు. ఆ పెట్టెలో వేశాను. ఫోన్లో మాట్లాడుతూ వేశాను. పొద్దున్నే అక్కడ బొగ్గుబిళ్లలు చూశాను. తీసి పారేశాను. ఇతని సిగరెట్టు ఆరిపోయే ఉంది. నాకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు.”

మాజిద్ ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. మామా మొహంలో రంగు మారింది.

ఖాసింకు ఏమీ అర్థం కాలేదు. గంగాభవాని ఏడవడం చూసి గాభరాపడ్డాడు. “ఏందక్కా? ఏమంటాండాది మామా? నన్ను పంపిస్తాండారనా? దానికి నువ్వెందుకు ఏడుస్తావు? ఊరుకో అక్కా, ఊరుకో.”

అతనికి కూడా తనే చెప్పాలి. ఆ ఇంట్లో తెలుగు వచ్చినవాళ్లు మరొకరు లేరు. అరబీలో ఎలాగో దాటిన మాట తెలుగులో గొంతుకు అడ్డం పడింది.

“నువ్వు కాల్చలేదు తమ్ముడూ. నేనే. సాంబ్రాణి బొగ్గులు ఆ గుడ్డల్లో ఏసేశాను. తెల్లారాక సూశాను. సూసి దాచేశాను. నీ సిగరెట్టు ఆర్పే ఉంది. నా కళ్లతో సూశాను.”

ఖాసిం చాలాసేపు ఆమెనే చూశాడు. అరుస్తాడనుకుంది. అరిచినా బాగుండేది. అతను మెల్లగా అన్నాడు. “దినాం నా మొగం సూస్తా అన్నం పెట్టినావు.”

“అవును.”

“దినాం.”

ఖాసిం బయటికి వెళ్లిపోయాడు.

మామా గంగాభవాని వైపు వంగింది. “ఆ రోజు నువ్వు అతని నాలుకవి. నాకు అతని మాట వినే దారి ఇంకొకటి లేదు. అతని మాటే చెప్పావు, నిజమే. నీ మాట మాత్రం మింగేశావు.” మాజిద్ వీళ్లిద్దర్నీ పంపేసి కొత్తవాళ్లను తెచ్చుకుందామన్నాడు. మామా వద్దంది. “ముందు వెళ్లి ఆ మనిషిని క్షమించమని అడుగు. నీ ఇంటిని కాపాడిన చేతుల్ని నువ్వు షెడ్డు వైపు రానివ్వలేదు.”

మాజిద్ ఖాసిం గదికి వెళ్లాడు. తోడు రమ్మంటే గంగాభవాని గుమ్మం బయటే నిలబడింది. మాజిద్ తలపాగా తీసి చేత్తో పట్టుకుని, “సామిహ్ని, ఖాసిం,” అని క్షమించమన్నాడు. ఖాసిం కంగారుగా లేచి, “మాఫీ, మాఫీ,” అన్నాడు. ఉర్దూలో అది క్షమాపణ. ఇక్కడి అరబీలో ‘లేదు’ అని అర్థం. మాజిద్ మొహం మాడిపోయింది. బయటికొచ్చి, “లేదంటున్నాడా?” అని గంగాభవానిని అడిగాడు.

“కాదు. క్షమించానంటున్నాడు,” అంది ఆమె. తన కోసం మాత్రం ఆ మాటను ఏ భాషలోనూ అడగలేకపోయింది.

ఖాసిం ఉండిపోయాడు. వీసా కాన్సిల్ మాట మళ్లీ రాలేదు. షెడ్డులోకి తిరిగి వెళ్లాడు. ఎడమ చెయ్యి పట్టు లేని చోట మాజిద్ చెయ్యి వేసేవాడు. గంగాభవాని టీ తీసుకెళితే ఖాసిం గ్లాసు అందుకునేవాడు. ఆమెతో అవసరమైనంతే మాట్లాడేవాడు. ఆ మాటల్లో అక్కా అనే పిలుపు లేదు. ఆ పిలుపు లేకపోతే తెలుగు మాట ఎంత బోసిగా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

కొన్నాళ్లకు అతనే వంటగది తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. “ఒక పని జేయాల నువ్వు. రజియాకు నేను చెప్పినా, నా తప్పు గాదంట అని. నమ్మల్యా. ఉద్యోగం పోతాదని ఎవురో నేర్పించినారు నీకు అంటాండాది. వాళ్ల నాయన గూడ అదే మాట. నువ్వే చెప్పు.”

గంగాభవాని చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది. ఎన్నడూ చూడని మనిషికి, ఖాసిం ఎదుట నిలబడి ఉండగా, జరిగినదంతా మొదటి నుంచి చెప్పింది. ఫోను, బొగ్గులు, చెత్తసంచి, హాల్లో తన మాట మింగేయడం, అన్నం పెట్టడం. ఏదీ దాచలేదు. ఇన్నిసార్లు చెప్పాక తేలికవుతుందేమో అనుకుంది. కాలేదు.

రజియా మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విన్నాక అడిగింది. “చేతులు ఎట్లుండాయి ఆయనవి? నాకు సరిగ్గా చెప్పడు. అన్నం కలుపుకుంటాండాడా?”

“కుడిచేత్తో కలుపుకుంటన్నాడమ్మా. ఎడమ చెయ్యి పూర్తిగా ముడుచుకోదు.”

“బిడ్డను ఎత్తుకోగలడా?”

గంగాభవాని ఖాసిం వైపు చూసింది. అతను చెయ్యి చాపి ఫోను తీసుకుని, మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు.

సీట్లు మళ్లీ కుట్టింది గంగాభవాని. ఈసారి తొందరపడలేదు. ఒక్క గీత వంకరపోయినా విప్పి మళ్లీ వేసింది. చలికాలం మొదలయ్యేసరికి గుర్రంబండి సిద్ధమైంది. పరీక్షలు నెగ్గి, పాతకాలపు బళ్లకిచ్చే నంబరు పలక తగిలించుకుని ఇంటికి వచ్చింది. ఆ రోజు మాజిద్ తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టి, తాళాలు ఖాసిం చేతికిచ్చాడు. ఖాసిం వద్దన్నా వినలేదు. ఖాసిం తాళం తిప్పగానే గుండె అదిరేలా గర్జించింది బండి. చుట్టుపక్కల పిల్లలంతా గేటు దగ్గర మూగారు. మామా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా కూర్చుంది. ఏసీ చల్లగాలి మొహానికి తగిలాక మాత్రం కొడుకు వైపు తిరిగి, “ఇది బాగానే ఉంది,” అంది.

“నువ్వూ ఎక్కు,” అన్నాడు మాజిద్ గంగాభవానితో.

ఆమె తల అడ్డంగా ఊపింది. మాజిద్ మరోసారి అడగలేదు. బండి వీధి మలుపు తిరిగేదాకా చూసి, గేటు వేసి లోపలికి వచ్చింది.

ఏడాది తిరిగాక ఖాసింకు జెబెల్ అలీలో ఒక గోదాముల కంపెనీలో డ్రైవరు పని దొరికింది. మామా తన వీసా నుంచి సంతోషంగానే విడుదల చేసింది. వెళ్లేముందు అందరికీ చెప్పి వంటగది దగ్గరికి కూడా వచ్చాడు.

“పోయొస్తా,” అన్నాడు.

“జాగర్త. పండక్కి వత్తావా?”

“సూస్తా.”

అప్పుడప్పుడూ ఆమె ఫోను చేస్తుంది. ఒక్కోసారి ఎత్తుతాడు, ఒక్కోసారి ఎత్తడు. ఎత్తినప్పుడు ఆమె ముందుగా చెయ్యి ఎలా ఉందనే అడుగుతుంది. చలికాలం కొంచెం బిగుస్తుందనీ, లేకుంటే పరవాలేదనీ చెబుతాడు. ఆ ఇంట్లో మగ్రిబ్ తర్వాత బఖూర్ ఇప్పుడు మామాయే వేస్తుంది. గంగాభవాని ఎన్నిసార్లు అడిగినా ధూపపాత్ర ఆమె చేతికి ఇవ్వలేదు. కోపంతో కాదంటుంది. ఎందుకో మాత్రం చెప్పదు.